గవ్వకు బెజ్జం

తొట్టిలో గవ్వల్ని ముతక ఇసకతో కలిపి రుద్దుతోంది కోడలు. మోచేతుల దాకా ఉప్పునీళ్లలో నాని వేళ్ల చివర్లు ముడతలు పడ్డాయి. వార్నిష్ మెరుపు పోవాలి, గోడౌను వాసన పోవాలి. అలాగని మరీ రుద్దితే గవ్వ మీది చారలు కూడా పోతాయి. ఎక్కడ ఆపాలో చేతికే తెలియాలి. రుద్దినదాన్ని నీళ్లలోంచి తీసి చెంపకు ఆనించి చూసుకుంటుంది. వేళ్లకు అందని జిడ్డు చెంపకు అందుతుంది. జిడ్డు తగిలితే మళ్లీ తొట్టిలోకి, తగలకపోతే గోనెసంచిలోకి.

లాడ్జి వెనక జనరేటరు పెట్టే రేకుల షెడ్డు అది. ఉన్నది ఒకటే బల్బు. అది జనరేటరుకు వెలుగిస్తుంది గానీ తొట్టికి ఇవ్వదు. ఎటు తిరిగి కూర్చున్నా తన నీడే తన పని మీద పడుతుంది. ఇంకా తెల్లవారలేదు. పట్నం నుంచి వచ్చినవాళ్లు గదుల్లో నిద్రపోతున్నారు. వాళ్లు లేచేలోపు సముద్రం గవ్వలు తెచ్చి ఒడ్డున పోసి ఉండాలి. సముద్రం ఆ పని మానేసి చాలా కాలమైంది. కొండమూల అవతల కొత్త రేవు కోసం ఇసక తోడే ఓడలు వచ్చాక, ఒడ్డుకు కొట్టుకొచ్చేవి నురగా, నాచూ, ప్లాస్టిక్ సీసాలూ. గవ్వల తీరమన్న పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పేరు పట్టుకుని జనం వస్తూనే ఉన్నారు. అందుకని సముద్రం చెయ్యని పని ఇప్పుడు కోడలు చేస్తోంది.

సంచి భుజాన వేసుకుని ఒడ్డుకు దిగింది. చల్లడమంటే గింజలు విసిరినట్టు విసరడం కాదు. అన్నీ ఒక్కచోట పడకూడదు, ఏరేవాళ్లకు విసుగు పుట్టేంత దూరం దూరంగానూ పడకూడదు. కొన్నిటిని తడి ఇసకలో సగం దిగేలా బొటనవేలితో నొక్కాలి. కొన్నిటి మీద నాచుపోగు కప్పాలి, ఏ చిన్నపిల్లో దాన్ని తొలగించి చూసి కేక పెట్టేలాగ. పెద్ద శంఖం రోజుకు ఒకటే. అది దొరికినవాళ్లు ఆ పూటంతా లాడ్జిలో పెళ్లికొడుకులా తిరుగుతారు. అన్నీ పెట్టాక వెనక్కి నడుస్తూ, తన అడుగుల్ని తానే చీపురుతో చెరిపేసుకుంటూ మెట్ల దాకా రావాలి.

ఒడ్డు ఊడ్చే పని అని ఇంట్లో అత్తకు చెప్పింది. చేతిలో చీపురు ఉంది కాబట్టి అది పూర్తిగా అబద్ధమూ కాదు. అత్త ఊహ తెలిసినప్పటి నుంచి ఈ ఒడ్డున గవ్వలు ఏరి, రోడ్డు పక్కన గుడ్డ పరిచి అమ్మి, కొడుకుని పెంచిన మనిషి. ఇప్పుడు గవ్వలు రాకపోయినా పొద్దున్నే బుట్ట చంకన పెట్టుకుని ఒకసారి ఒడ్డంతా తిరిగి రాకపోతే ఆమెకు టీ కూడా దిగదు. అలాంటి మనిషితో, ఇక్కడ పడి ఉన్నవి నేను పోసినవే అత్తా అని ఎలా చెప్పడం?

తూర్పు తెల్లబడుతుండగా అత్త వచ్చింది.

"ఊడ్చావా పిల్లా?"

"ఊడ్చాను అత్తా."

"ఇంత పొద్దున్నే ఎవరు చూడొచ్చారని ఈ ముస్తాబు?"

"మేనేజరు చూస్తాడుగా."

"వాడా! వాడు నిద్దట్లో కూడా ఒక కన్ను తెరిచే పడుకుంటాడు," అని అత్త నవ్వుకుంటూ ముందుకు సాగిపోయింది.

అత్త ఏరడం మొదలుపెట్టే, లాడ్జివాళ్లు అంతదూరం రాని నల్లరాళ్ల దగ్గర కోడలు రోజూ మంచివి నాలుగు విడిగా వదిలిపెట్టేది, ఆమె చేతికి దొరకాలని. మర్నాడు వచ్చి చూస్తే అవి అక్కడే ఉండేవి. అత్త మాత్రం అంత దూరాన వంగుతూ, లేస్తూ, మళ్లీ వంగుతూ కనిపించేది. కళ్లు పోయినట్టున్నాయి పాపం, ఉన్నచోట చూడక లేనిచోట వెతుకుతోంది అనుకునేది కోడలు.

ఒకనాటి ఉదయం మేనేజరు షెడ్డులోకి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. గుమ్మంలోనే నిలబడి అరచెయ్యి చాపాడు. అందులో మచ్చల గవ్వ ఒకటి.

"దీని వీపు చూడమ్మా."

చూసింది. సూది పట్టేంత బెజ్జం, గుండ్రంగా, నున్నగా ఉంది. పట్నంలో గవ్వల తెరలు, దండలు కట్టే కొట్లవాళ్లు మిగిలిపోయిన సరుకంతా కలిపి సంచుల్లో నింపి పంపుతారు. అందులో బెజ్జం వేసినవి ఏరి పారెయ్యడం కూడా ఆమె పనే.

"నిన్న పై గదిలో ఉన్న పంతులమ్మగారికి దొరికింది. సముద్రంలో ఒక పురుగుంటుంది, అది తొలిచిందని చెప్పాను. నమ్మింది. కానీ ఆ పురుగు రోజూ తొలవదు కదా?"

"చీకట్లో కనబడలేదు సార్. బల్బు ఇటు పెట్టిస్తే..."

"నీకు కనబడకపోతే కనబడేవాళ్లను పెట్టుకుంటాను. నీ మొగుడికి గేటు పని, నీకీ పని, మీరుంటున్న గది, అన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. ఒకచోట తెగితే రెండోచోట నేను పట్టుకుని కూర్చోను." గొంతు పెంచకుండానే చెప్పి వెళ్లిపోయాడు. గవ్వను తొట్టి అంచు మీద వదిలేశాడు.

సాయంత్రం గేటు దగ్గర నుంచి మొగుడు వచ్చేసరికే అతనికి సంగతి తెలిసిపోయింది.

"కాస్త కళ్లు పెట్టి చూడవే."

"కళ్లు పెట్టే చూస్తున్నాను. బల్బు పెట్టమను మీ మేనేజర్ని."

"మా మేనేజరా? ఆయనేమన్నా నాకు మేనమామా, అడగ్గానే పెట్టడానికి? ఇంకొక్కటి, ఒక్కటి బెజ్జంది దొరికిందంటే సామాను సర్దుకోమన్నాడు. అమ్మను వేసుకుని ఎక్కడికి పోతాం?"

మధ్యలో చెక్క తడిక తప్ప గోడ లేదు. అవతల నుంచి అత్త దగ్గు వినిపించింది. ఇద్దరూ చప్పున గొంతులు తగ్గించారు.

ఆ తరవాత కోడలు రోజూ మరింత ముందుగా లేచింది. ప్రతి గవ్వ వీపూ బొటనవేలితో తడిమింది. అయినా సంచి నిండా ఉన్నవాటిలో ఎన్నని తడుముతుంది? చలికి వేళ్లు కొయ్యబారితే బెజ్జానికీ గరుకుకీ తేడా తెలిసేది కాదు. కానీ రోజులు గడిచినా ఎవరికీ బెజ్జం గవ్వ దొరకలేదు. మేనేజరు మళ్లీ రాలేదు. పని చేతికి పట్టుబడిందని ఆమెకు లోలోపల గర్వంగా కూడా అనిపించింది. అత్త ఇప్పుడు మరీ పెందలాడే రావడం చూసింది. ఒక్కోసారి ఈమె మెట్లెక్కకముందే వచ్చి, కళ్లు ఇసకకు అంటించినట్టుగా వంగి, అడుగడుక్కీ ఆగుతూ నడిచేది. ముసలితనంలో చాదస్తం ముదిరింది అనుకుంది కోడలు. అంతకు మించి ఆలోచించలేదు.

ఆ రోజు గదుల్లోవాళ్లు ఎప్పటికంటే ముందే లేచారు. ఎర్ర టోపీ పెట్టుకున్న లావుపాటి ఆయన కిటికీలోంచి చూశాడట. మేనేజర్ని వెంటబెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. వెనక భార్య, చిన్న కూతురు, ఇంకా ఒకరిద్దరు, చేతుల్లో ఖాళీ డబ్బాలతో.

"మూడు రోజులుగా చూస్తున్నానండీ. మేము లేచేసరికి ఆవిడ ఏరుకుపోతుంది. ఇంత దూరం వచ్చింది ఆవిడ వదిలేసినవి ఏరుకోడానికా?"

"అలాంటిదేమీ ఉండదు సార్. ఉంటే ఇప్పుడే తేల్చేద్దాం," అన్నాడు మేనేజరు. గేటు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. మొగుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

కోడలు మెట్ల పక్కన చీపురు పట్టుకుని నిలబడి ఉంది. నీళ్ల అంచు వెంబడి వస్తున్న అత్త ఇంతమందిని చూసి ఆగింది. పారిపోవడానికి చూడలేదు. బుట్ట మీద కప్పిన గుడ్డను మాత్రం సర్దుకుంది.

"ఆ బుట్ట తీసుకుని బోర్లించు," అన్నాడు మేనేజరు.

మొగుడు తల్లి దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, బుట్ట ఇలా ఇయ్యి."

"ఎందుకురా?"

"ఇయ్యమంటున్నానుగా! అందరూ చూస్తున్నారు."

ఆమె ఇవ్వలేదు, కానీ పట్టుకునీ లేదు. అతను లాక్కోనక్కర్లేకుండానే బుట్ట చేతిలోకి వచ్చేసింది. గుడ్డ తీసి బోర్లించాడు. గలగలమంటూ గవ్వలు ఇసక మీద పడ్డాయి. ఓ గంపెడు కాదు, పెద్ద గుప్పెళ్లు రెండుంటాయేమో. అయినా టోపీ ఆయన "అదిగో!" అన్నాడు, దొంగను పట్టిన పోలీసులాగా.

కోడలి చూపు ఆ కుప్ప మీద పడింది. అన్నిటికంటే పైనున్నదానికి వీపు మీద బెజ్జం. దాని పక్కదానికీ బెజ్జమే. ఆ పక్కన పడినదానికి బెజ్జం లేదు గానీ ఎండిన జిగురు చుక్క అంటుకుని ఉంది. ఇంకొకటి వార్నిష్ వదలకుండా అద్దంలా మెరుస్తోంది. ఆ కుప్పలో మంచిది ఒక్కటి లేదు. ఇన్నాళ్లూ తను చీకట్లో చూడక వదిలేసినవన్నీ, పరీక్ష తప్పిన పిల్లల్లా ఒక్కచోట చేరి ఉన్నాయి.

అత్త ఇన్నాళ్లూ వంగిందీ లేచిందీ వీటికోసం.

టోపీ ఆయన కూతురు చటుక్కున కూర్చుని ఒకటి తీసింది. "నాన్నా, చూడు, దీనికి బెజ్జం ఉంది! దీనికి కూడా!"

"ఏదీ?" ఆయన అందుకుని వెలుగుకు ఎత్తి పట్టాడు. "అవునే. మిషనుతో వేసినట్టుంది." మరొకటి తీశాడు. "ఇదేమిటండీ? ఇవన్నీ ఇలాగే ఉన్నాయేం?"

మేనేజరు మొహంలో రంగు దిగిపోయింది. అతని కళ్లు కోడలి మీదికి తిరిగాయి. మొగుడు ఖాళీ బుట్ట పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. టోపీ ఆయన ఇప్పుడు చేతిలోని గవ్వను వదిలి ఒడ్డు మీదికి, చల్లి ఉన్న గవ్వల వైపు చూడడం మొదలుపెట్టాడు.

"నేనే వేశాను బాబూ," అంది అత్త.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"దండలు గుచ్చుకుంటానండి. బెజ్జం లేకపోతే దారం ఎలా ఎక్కుతుంది? నిన్నా మొన్నా ఏరి ఇంటికాడ బెజ్జాలు వేసుకున్నవి. బుట్టలో అలాగే ఉండిపోయాయి."

"అంటే రోజూ తీసుకెళ్తున్నావన్నమాట!" మేనేజరుకు ఊపిరి అందింది. దానితోపాటు గొంతూ వచ్చింది. "ఇక్కడ ఏరకూడదని నీ కొడుక్కి చెప్పలేదా? రోజూ దొంగతనమేనా?"

"అవును బాబూ. రోజూనే."

"ఆ మెరుపేంటి మరి?" అని అడిగింది టోపీ ఆయన భార్య, వార్నిష్ గవ్వను చూపిస్తూ.

"నేనే పూశానమ్మా. మెరిస్తే ఎవరైనా కొంటారని."

ఆవిడ మొహం జాలితో మెత్తబడింది. "పోనీలెండి, పెద్దావిడ. వదిలెయ్యండి," అంది. టోపీ ఆయన కూడా తేలిగ్గా నవ్వాడు. దొంగ దొరికాక మిగిలిన అనుమానాలు అక్కర్లేదు. కూతురు అప్పుడే నాచుపోగు ఒకటి తొలగించి కేక పెట్టింది. అందరూ అటు కదిలారు.

చెప్పాలని కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె తియ్యలేదు, ఇవన్నీ నావి. ఆ రెండు ముక్కలు చాలు. కానీ ఆ రెండు ముక్కలతో అత్త ఒక్కతే బయటపడి మిగిలినదంతా మునుగుతుంది. గేటు, షెడ్డు, తడిక గది. నోరు తెరిచింది. ఉప్పుగాలి లోపలికి వెళ్లింది. అంతే.

"ఇంకోసారి ఈ ఒడ్డున కాలు పెట్టావో!" అన్నాడు మేనేజరు. మొగుడు తల్లి రెక్క పట్టుకుని మెట్ల వైపు నడిపించాడు. కోడలి పక్కనుంచి వెళుతున్నప్పుడు అత్త తల ఎత్తలేదు. కోడలూ ఎత్తలేదు.

"చూస్తావేం? అవి తీసెయ్యి," అన్నాడు మేనేజరు మెల్లగా, ఆమెకొక్కదానికే వినబడేలా. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది.

ఇంటికి వెళ్లేసరికి మొగుడు తల్లి మీద అరుస్తున్నాడు. "నీకు తిండి పెట్టడం లేదా నేను? గవ్వలు అమ్ముకు బతకాల్సిన ఖర్మ ఏం పట్టింది? రేపటి నుంచి గేటు దగ్గర నిలబడి ఎవరి మొహం చూడను?"

అత్త స్టవ్ ముందు కూర్చుని టీ కాస్తోంది. పొంగు వచ్చినప్పుడల్లా మంట తగ్గిస్తోంది. కొడుకు అనేదంతా మరొకరి ఇంట్లో జరుగుతున్న గొడవ అన్నట్టుంది.

కోడలు బుట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. "చూడు."

"ఏం చూడాలి?"

"చూడవయ్యా! ఒక్కటైనా మంచిది ఉందా చూడు."

అతను వంగి చెయ్యి పెట్టాడు. ఒకటి తీశాడు, ఇంకోటి తీశాడు. బెజ్జంలోంచి వేలి చివర చూసుకున్నాడు. అలాగే గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు.

"ఎప్పుడు తెలిసింది అత్తా?"

"ఏది?"

"నేను చల్లుతున్నానని."

"మొదట్లోనే తెలిసింది. ఈ సముద్రం ఎన్నడూ తేని రకాలు వస్తుంటే తెలియదా?" అత్త గ్లాసుల్లోకి టీ వడపోస్తూ అంది. "పైగా అన్నీ వెల్లకిలా పెట్టేదానివి. అల తెచ్చిన చిప్ప బోర్లా పడుంటుంది పిల్లా."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వేం చెయ్యాలి? మళ్లీ అబద్ధం ఆడాలి, లేకపోతే ఏడవాలి. ఆ రెండూ నేను చూడలేను."

"నేను వెళ్లి చెప్పేస్తాను. మేనేజరుకైనా చెబుతాను, మీరు దొంగ కాదని."

"వాడికి తెలియదనుకున్నావా? నేను నోరు విప్పినప్పుడు వాడి మొహం చూడలేదూ నువ్వు? ఉరితాడు తెగినవాడిలా ఉన్నాడు." గ్లాసు కోడలి ముందుకు జరిపింది. "తాగు, చల్లారిపోతుంది."

అప్పుడే గుమ్మంలో టీ కొట్టావిడ ప్రత్యక్షమైంది. ఊరంతా ఆమెను రేడియో అంటారు, ఆమె ఎదుటే అంటారు. "వదినా, ఏదో విన్నాను, నిజమేనా?"

"విన్నది ఊళ్లో చెప్పడం అయిపోయిందా, ఇంకా విననిది ఏమన్నా మిగిలిందా?" అంది అత్త.

"అయ్యో, నేనెవరికి చెబుతాను!"

"గాలికి చెబుతావు. మిగిలింది అది చూసుకుంటుంది."

రేడియో నవ్వి, కాసేపు నిలబడి, ఎవరూ కూర్చోమనకపోయేసరికి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక అత్త గ్లాసు ఎత్తబోయింది. టీ ఒలికింది. కోడలు గుడ్డ తెచ్చేలోపే అత్త అరచేత్తోనే నేలంతా తుడిచేసుకుంది.

మర్నాడు పొద్దున్న అత్త బుట్ట తియ్యలేదు. గోడ వైపు తిరిగి పడుకునే ఉంది. మధ్యాహ్నం కాగితంలో చుట్టిన వస్తువుతో మొగుడు ఇంటికొచ్చాడు. మొహంలో ఏదో తేలికపాటు ఉంది, దాన్ని దాచుకోవాలని చూస్తున్నాడు.

"మేనేజరు పిలిచాడు. కూర్చోమన్నాడు కూడా. ఆయనకేం కోపం లేదట. ఆ టోపీ ఆయన వాళ్లావిడ అడుగుతోందట, ముసలమ్మ దండలు గుచ్చుతుందన్నారు కదా, ఎక్కడ దొరుకుతాయని. రేపటి నుంచి అమ్మ లాడ్జి వరండాలో కూర్చోవాలి. వచ్చినవాళ్లు ఏరుకొచ్చిన గవ్వలకు వాళ్లముందే బెజ్జం వేసి దండ గుచ్చి ఇవ్వాలి. అంతే. నీడపట్టునే."

"అంతేనా?" అంది కోడలు. అతని మొహంలో ఇంకా ఏదో మిగిలి ఉంది.

"ఒక బోర్డు పెడతాడట. గవ్వల దొంగమ్మ అని." గబగబా కలిపాడు, "సరదాకే. జనం నవ్వుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు. అందులో చెడ్డేం లేదన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను?" అతను కాగితం విప్పి చేతి డ్రిల్లును నేల మీద పెట్టాడు. "ఏమనాలో నువ్వు చెప్పు."

ఆమె విప్పిన కాగితాన్ని మడత పెట్టసాగింది.

అత్త లేచి కూర్చుంది. డ్రిల్లు వైపు చూసింది. "నాకు బెజ్జం వెయ్యడం రాదురా," అంది.

నిజమే, ఆమె జన్మలో ఒక గవ్వకు బెజ్జం వెయ్యలేదు. పగులున్నా, అంచు విరిగినా, తొలుచుకుపోయి ఉన్నా తిరిగి నీళ్లలోకి విసిరేసేది. చెక్కుచెదరనిదే అమ్మేది.

సాయంత్రం వెలుగుండగానే గుమ్మంలో కూర్చున్నారు ముగ్గురూ. మొగుడు పిడి తిప్పి చూపించాడు. మడిచిన తడిగుడ్డ మీద గవ్వను బోర్లా పెట్టి అత్త డ్రిల్లు ముల్లు ఆనించింది. నున్నటి వీపు మీద ముల్లు జారి ఆమె వేలికి గుచ్చుకుంది. నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గట్టిగా నొక్కింది. ఫట్టుమని గవ్వ రెండు చెక్కలైంది. ఆ చెక్కలు రెండూ దగ్గరికి చేర్చి అతుక్కుంటాయేమోనన్నట్టు కాసేపు పట్టుకుంది. తరవాత పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. అదీ పగిలింది.

"బలం పెట్టొద్దమ్మా. దాని బరువు మీదే వదిలెయ్యి, తిప్పుతూ ఉండు," అన్నాడు కొడుకు.

కోడలు గవ్వ కదలకుండా రెండు వేళ్లతో పట్టుకుంది. అత్త తిప్పింది. కిర్రు కిర్రుమంటూ సన్నటి తెల్లపొడి రాలి కోడలి గోళ్ల మీద పడింది. కాలిన ఎముక వాసన వేసింది. చాలాసేపటికి ముల్లు లోపలికి దిగింది. అత్త గవ్వను ఎత్తి పొడి ఊది, బెజ్జం చుట్టూ వేలితో తడిమింది.

"మెల్లగా తిప్పాలన్నమాట," అంది, కొత్తగా బళ్లో చేరిన పిల్లలాగా.

చీకటి పడేదాకా నేర్చుకుంది.

తెల్లవారి ఒడ్డు పని ముగించుకుని కోడలు ఇంటికి వచ్చేసరికి అత్త స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఉంది. డ్రిల్లును పాతగుడ్డలో చుట్టుకుంటోంది. మొగుడు అప్పటికే గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దు అత్తా. వెళ్లకండి. నేనే వెళ్లి అందరి ముందూ చెబుతాను, ఏదైతే అదవుతుంది. గది పోతే పోయింది. ఎక్కడో ఒకచోట బతుకుతాం."

మాటలు బయటికి వచ్చేసరికి ఆమెకే సన్నగా వినిపించాయి. ఎక్కడ బతుకుతాం అని అత్త అడుగుతుందనుకుంది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. అత్త మూట చంకన పెట్టుకుని ఆమె ఎదురుగా వచ్చి ఆగింది. కోడలి చెంప మీద ఉప్పు ఎండి తెల్లగా పేరుకుని ఉంటే వేలితో తుడిచింది. తరవాత చేతులు దించుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా ఊరికే నిలబడింది.

కోడలు గుమ్మం పట్టుకునే ఉంది. దూరాన లాడ్జిలో పిల్లలు మెట్లు దిగుతున్న సందడి వినిపించింది. కాసేపటికి ఆమె చెయ్యి గుమ్మాన్ని వదిలేసింది. కాలు దానంతట అదే ఒక పక్కకు జరిగింది.

ఏర్పడిన ఆ కాస్త సందులోంచి, ఒళ్లు తగలకుండా పక్కకు తిరిగి, అత్త బయటికి వెళ్లిపోయింది.